పాట వెనుక కథ, కథ వెనుక ఋణము

గడచిన శ్రావణమాసమున మా సబ్బవరమునందలి పాఠశాలలో జరిగిన యొక చిన్న సంగతి ఈ వ్యాసమునకు కారణమైనది. ఉదయప్రార్థన ముగిసి పిల్లలు తరగతికి వచ్చి కూర్చుండిరి. అంతకు కొలది నిమిషముల ముందే వారందఱును గొంతెత్తి 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' అను పాటను పాడి యుండిరి. ఆ పాటను వ్రాసినవారెవ్వరని మేము తొమ్మిదవ తరగతివారి నడిగితిమి. తరగతి యంతయు మౌనము వహించినది. తుదకు వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "ఎవరూ రాయలేదు మాస్టారూ, అది పుస్తకంలోనే ఉంది" అనెను. పిల్లలు నవ్విరి, మేమును నవ్వితిమి. కాని ఆ బాలుడే మఱునిమిషమున ఒకానొక సినిమా పాటను చిత్రీకరించునపుడు ఎన్ని దినములు వాన కురిసినదో, నాయకునికి కాలు బెణుకుటచేత నాట్యమునందు ఏ యడుగు మార్చిరో, పూసగ్రుచ్చినట్లు చెప్పెను. అప్పుడు మాకు నవ్వు రాలేదు. ఇరువదియేండ్లుగా ఆ పాటను పాడించుచున్న మేము ఒక్కనాడైనను కవి పేరు వారికి జెప్పి యెఱుగము. దోషము బాలునిది కాదు, మాది.

పాటల వెనుక కథలు చెప్పుట నేడు పెద్ద వేడుకగా నున్నది. రేడియోలోను టెలివిజనులోను వానికై ప్రత్యేక కార్యక్రమములు కలవు. సెల్‌ఫోను తెఱచినచో ఐదు నిమిషముల కొక కథ ఎదురగును. ఇంగ్లండు, అమెరికా దేశములలో గతశతాబ్దపు ఉత్తరార్ధమున లోకమునంతటిని ఊపివైచిన పాప్, రాక్ గీతముల పుట్టుపూర్వోత్తరములను గూర్చి గ్రంథములే వెలువడినవి. మన సినిమాపాటలకును ఆ భాగ్యము పట్టినది. ఫలానా కవి ఆ పాటను కారులో పోవుచు వ్రాసెననియు, ఫలానా పల్లవి సిగరెట్టుపెట్టె అట్టమీద పుట్టెననియు, ఫలానా రాగము సంగీతదర్శకునకు స్నానమాడుచుండగా తోచెననియు చెప్పుచుందురు. ఇట్టి కథలను వినుట తప్పని మేమనము. మాకును అవి యిష్టమే. కాని ఈ కథలలో ఏవి పాటను మనకు దగ్గఱ చేయుచున్నవి, ఏవి పాటను కప్పివేయుచున్నవి, ఏవి మన మెఱుగవలసిన దానిని మఱపించుచున్నవి యని విమర్శించి చూచుట అవసరము. ఆ పని యెవ్వరును పూనుకొన్నట్లు కానరాదు.

ఈ రుచి మనకు క్రొత్తది కాదు. కవిత్వము వెనుక కథలలో మొదటిది మనదే. బోయవాడు క్రౌంచమిథునములో నొకదానిని గొట్టుటయు, రెండవది విలపించుటయు, దానిని జూచిన వాల్మీకిమహర్షి నోట శాపరూపమున శ్లోకము వెలువడుటయు పసిపిల్లలకు సైతము తెలిసిన కథ. శోకమే శ్లోకమయ్యెనని పెద్దలందురు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున ఈ కథను స్మరించెను. దానిపై లోచనమను వ్యాఖ్య వ్రాసిన కాశ్మీరదేశీయుడు అభినవగుప్తుడు ఇచ్చట నొక హెచ్చరిక చేసెను. ఈ శోకము ముని యొక్క సొంత శోకమని తలపరాదు. ముని తన దుఃఖముచేత దుఃఖితుడైనచో కవిత్వము పుట్టదు, ఏడుపు మాత్రమే పుట్టును అని యాయన భావము. చూచిన దుఃఖము హృదయమున నిండి, తన పర భేదము నశించి, రసముగా మాఱినపుడే శ్లోకము పుట్టినదట. ఎనిమిదివందల యేండ్ల తరువాత ఇంగ్లీషుకవి వర్డ్స్‌వర్తు కవిత్వము ప్రశాంతతలో స్మరింపబడిన ఉద్వేగమని చెప్పినపుడు ఇంచుమించుగ ఈ త్రోవనే నడచెను.

అభినవగుప్తుని మాట మన పాటకథకులు గోడకు వ్రాసి పెట్టుకొనదగినది. ఒక విరహగీతము వినగానే దాని కవిని విడిచిపోయిన స్త్రీ యెవ్వరని వెదకుదుము. ఒక విషాదగీతము వినగానే ఆ యింట చచ్చిన వారెవ్వరని విచారింతుము. దొరకినచో పాట అర్థమైనదని తృప్తిపడుదుము. కాని ప్రియురాలు విడిచిపోయినవారు ఊరూర నున్నారు, వారందఱును పాటలు వ్రాయలేదు. కథ కారణమును చెప్పునే గాని కార్యమును చెప్పదు. విత్తనమును చూపి చెట్టును చూచినాననుకొనుట యెట్టిదో, కథ విని పాటను గ్రహించితిననుకొనుట యట్టిదే.

మన తెలుగుదేశపు పాటకథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది భద్రాచల రామదాసుది. కంచెర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహసీలుదారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించెనని గోలకొండ చెఱలో బెట్టిరి. చెఱలో ఆయన పాడిన కీర్తనలలో ఒకటి మాకెప్పుడును వింతగ తోచును. అందులో భక్తుడు దేవునికి చేయించిన ప్రాకారములకును నగలకును ఎంతెంత వెచ్చ మయ్యెనో లెక్క చెప్పి, ఇది యెవ్వని సొమ్మని నిలదీయుచున్నాడు. భక్తిగీతమున జమాఖర్చుల చిట్టా! లెక్కలు వ్రాసి జీవించిన ఉద్యోగి గనుకనే ఆయన కట్టి పాట సాధ్యమైనది. ఈ విషయము తెలిసినపుడు పాటలోని వ్యథయు, ఎత్తిపొడుపును ఇనుమడించుచున్నవి. మంచి పాటకథ చేయవలసిన పని యిదియే: అది మనలను తిరిగి పాటలోనికే పంపవలెను. ఇక ఆ కథ తుద యందఱకు తెలిసినదే. రాముడును లక్ష్మణుడును రామోజీ లక్ష్మోజీలను పేర తానీషాకు కనబడి బాకీ తీర్చి చీటి పుచ్చుకొనిరట. ఈ రామోజీ లక్ష్మోజీలను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. తరువాతి పాటకవులకు వారు మఱల కనబడలేదు.

పాశ్చాత్యుల పాటకథలలో మూడింటిని ఇచ్చట పరిశీలింతుము. మొదటిది బీటిల్స్ బృందమువారి 'యెస్టర్‌డే'. 1965వ సంవత్సరమున వెలువడిన ఈ పాట యొక్క రాగము పాల్ మెకార్ట్నీకి నిద్రలో తోచెనట. మేల్కొని పియానోపై వాయించి చూచెను. మాటలు లేవు గనుక, రాగమును మఱవకుండుటకై గ్రుడ్ల పొరటును గూర్చిన హాస్యపు మాటలను తాత్కాలికముగ దానికి తగిలించెను. కథకులు ఇంతవఱకు చెప్పి, స్వప్నమహిమ కాశ్చర్యపడి ఊరకుందురు. మాకు ముఖ్యముగ తోచినది తరువాతి భాగము. ఇంత సుళువుగ వచ్చిన రాగము తనది కాదేమో, ఎప్పుడో వినిన పరుల పాట జ్ఞాపకమున నిలిచి స్వప్నమున పైకివచ్చెనేమో యని యాతడు భయపడెను. కొన్ని వారములపాటు ఎఱిగిన వారికెల్ల వినిపించి, ఇది మీరెచ్చటనైన వింటిరా యని యడిగెను. ఎవ్వరును ఎఱుగమనిన పిమ్మటనే తనదని నమ్మెను. దారిలో దొరకిన మూటను ఊరిలో చాటించి, సొంతదారు రానపుడు ఉంచుకొనినవాని ధర్మమిది. స్వప్నము అదృష్టము, ఆ విచారణ శీలము. కథలో చెప్పదగినది శీలము.

రెండవది 'స్ట్రేంజ్ ఫ్రూట్'. అమెరికాలో మూకలు నల్లజాతివారిని చెట్లకు ఉరిదీయుటను గూర్చిన ఘోరగీతమిది. 1939వ సంవత్సరమున బిల్లీ హాలిడే అను గొప్ప గాయని దానిని రికార్డు చేసెను. నేటికిని ఆ పాట ఆమె పేరనే లోకము చెప్పుకొనుచున్నది. కాని దానిని వ్రాసినవాడు అబెల్ మీరోపోల్ అను న్యూయార్కు నగరపు బడిపంతులు. 1930వ సంవత్సరమున ఇండియానా రాష్ట్రమున జరిగిన అట్టి హత్యల ఛాయాచిత్రమును జూచి మనసు కలగి పద్యము వ్రాసి, 1937వ సంవత్సరమున ఉపాధ్యాయుల పత్రికలో ప్రకటించెను. బాణియు ఆయనయే కట్టెను. అయినను 1956వ సంవత్సరమున వెలువడిన గాయని ఆత్మకథలో ఆ బాణి తానును తన వాద్యకారులును కలిసి సమకూర్చినట్లున్నది. ఆమె గానమహిమను మేము తక్కువ చేయుటలేదు. ఆమె కంఠము లేనిచో ఆ పద్యము పత్రికపుటలలోనే నిలిచిపోయి యుండెడిది. అయినను కంఠము వెలుగులో కలము కనబడకపోవుట యెట్లో ఈ కథ చూపుచున్నది.

మూడవది కడు శోచనీయమైనది. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అను జూలూజాతి గాయకుడు 1939వ సంవత్సరమున జొహానెస్‌బర్గున 'ఎంబూబే' యను పాటను రికార్డు చేసెను. ఆ మాటకు సింహమని యర్థము. దానిపై హక్కులను అల్పధనమునకు రికార్డుల కంపెనీకి వదలుకొనెను. ఆ రికార్డు సముద్రము దాటి అమెరికా చేరినది. పీట్ సీగరును ఆయన బృందమును జూలూమాటలను సరిగా వినలేక, 'నీవు సింహమవు' అను పల్లవిని 'విమోవే' యని పాడిరి. 1961వ సంవత్సరమున ఇంగ్లీషు మాటలతో 'ది లయన్ స్లీప్స్ టునైట్' అను పేర అది అమెరికాలో ప్రథమస్థాన మందినది. 1994వ సంవత్సరపు 'లయన్ కింగ్' చిత్రముద్వారా మన పిల్లల చెవులకును సోకినది. లిండా 1962వ సంవత్సరమున బీదవాడై చనిపోయెను. ఆయన కుమార్తెల పక్షమున 2004వ సంవత్సరమున వ్యాజ్యము వేయగా 2006వ సంవత్సరమున రాజీ కుదిరినది. పాట పుట్టిన అఱువదియేడేండ్లకు! సింహము నిద్రించుచున్నదని లోకమంతయు పాడుచుండెను, ఆ సింహమును సృజించినవాని యింట పొయ్యి నిద్రించుచుండెను.

పరదేశపు అన్యాయమునకు కన్నీరు కార్చుట సులభము. ఇక మన యింటికి వత్తము.

మన ఉత్తరాంధ్రమునందలి శ్రీకాకుళసీమ కన్నబిడ్డ గరిమెళ్ళ సత్యనారాయణ. సహాయనిరాకరణోద్యమ కాలమున ఆయన వ్రాసిన 'మాకొద్దీ తెల్లదొరతనము' తెలుగునాట ఊరేగింపు లేని చోటను ఊరేగినది. దానికై ఆయన కారాగారమున కేగెను. ఈ పాటనుగూర్చి వాడుకలోనున్న కథ యొకటి కలదు. తెలుగు రాని తెల్లదొర యొకడు ఆ పాటను విని, అర్థము తెలియకయే దాని తీవ్రతకు కలవరపడెనని చెప్పుకొందురు. వినుట కింపుగ నున్నది. కాని తెలుగుపాట బలమునకు తెల్లదొర భయమే కొలబద్దగా నుండనేల? ఆ పాటను తలకెత్తుకొన్నవారు మన రైతులు, కూలీలు, బడిపిల్లలు. వారికది ఏల పట్టుబడెనో చెప్పని కథ పాటకు భూషణము కానేరదు.

మాకు తోచిన కారణమిది. ఆ పాట తత్త్వము చెప్పదు, ఫిర్యాదులు చెప్పును. పంట పండినను తిండి లేకపోవుట, ఉప్పు ముట్టుకొనిన నేరమగుట మొదలగు సంగతులను ఒకదాని తరువాత నొకటిగా, అరుగుపై కూర్చున్న పొరుగువానితో మొఱపెట్టుకొన్నట్లు విన్నవించును. చరణముల తుదల 'అండీ' యను మర్యాదమాట వినవచ్చును. అంత కోపమును అంత మర్యాదతో పలుకుటవలన కోపము చల్లారలేదు, ఇంకను పదునెక్కినది. పండితుడు పండితునితో నాడు భాష కాదు, ఇరుగుపొరుగుల భాష. పామరుడు దానిని నేర్చుకొన నక్కఱలేకపోయినది, అది వాని నోట నున్న భాషయే. ఇక కథ తుదిభాగము చూడుడు. తెల్లదొరతనము 1947వ సంవత్సరమున పోయినది. దానిని వలదని మొట్టమొదట ఇంటింట పాడించిన కవి, పత్రికలకు వ్రాసికొని పొట్టపోసికొనుచు, 1952వ సంవత్సరమున మదరాసులో కడు పేదఱికమున కన్నుమూసెను. స్వరాజ్యము వచ్చి ఐదేండ్లయినది. దొర భయపడిన కథ చెప్పువారు ఈ భాగము నేల చెప్పరు? దొరను నిందించుట మనకు సుఖము, మనలను నిందించుకొనుట కష్టము.

మా తరగతి పిల్లలు పాడిన పాటకు వత్తము. దానిని వ్రాసినవారు 1914వ సంవత్సరమున తిరుపతిలో జన్మించిన శంకరంబాడి సుందరాచారి. హోటలులో వడ్డించువాడుగను, రైల్వేస్టేషనులో కూలిగను పనిచేసి, తరువాత ఆంధ్రపత్రికలో అచ్చుతప్పులు దిద్దుచు, పిమ్మట విద్యాశాఖలో ఉద్యోగము చేసినట్లు ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుచున్నారు. 1942వ సంవత్సరపు 'దీనబంధు' చిత్రముకొఱకు ఈ పాటను వ్రాయగా, అది చిత్రమున చేరలేదు. టంగుటూరి సూర్యకుమారి, అప్పటికి పదునేడేండ్ల బాలిక, దానిని పాడగా గ్రామఫోను రికార్డుగ వెలువడినది. సినిమా వెళ్ళగొట్టిన పాటను జనము ఇంటిలోనికి పిలిచిరి. 1975వ సంవత్సరమున హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన కాలమున అది రాష్ట్రగీతపదవి నందినది. రెండేండ్లకు, 1977వ సంవత్సరమున, కవి మరణించెను. ఆయన తుదిదినములు సుఖముగ గడవలేదు.

ఈ పాటలో గొప్పతన మేమి? 1942వ సంవత్సరమున ఆంధ్రరాష్ట్రము లేదు. తెలుగువారు మదరాసు రాజధానిలో కొందఱు, నైజాము రాజ్యమున కొందఱు, మైసూరున కొందఱుగ నుండిరి. కవి అమరావతి శిల్పమును, త్యాగరాజు గానమును, తిక్కన కలమును, ఓరుగల్లు రుద్రమ్మను, విజయనగర రాయని కీర్తిని ఒక దండలో గ్రుచ్చెను. దేశపటమున లేని యెల్లలను పాటలో గీచెను. ఆ పాటలో యుద్ధము లేదు, పరనింద లేదు. ఉన్నది పూలదండ, హారతి. ఇంటి స్త్రీలు చేయు పనులవంటి పనులు. అందుచేతనే అది సభలకంటె ముందు ఇండ్లలో ప్రవేశించినదని మా యభిప్రాయము. లోపము లేదనము. పేర్ల పట్టికవలె సాగుటచేత కొన్ని చోట్ల భావము వెనుకబడి జాబితా ముందునకు వచ్చును. కాని జాబితానే పాడదగినదిగ చేయుట సామాన్యప్రజ్ఞ కాదు. ఇందఱి పేరులు పలికిన ఆ పాటలో లేనిది ఒక్క పేరే, కవిది.

మూడవ ఉదాహరణము మా కాలపుది. పార్వతీపురము ప్రాంతపు వంగపండు ప్రసాదరావు విశాఖపట్టణపు ఓడల కర్మాగారమున పనిచేసిన కార్మికుడు. జననాట్యమండలి నాయకులలో నొకడు. ఆయన 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' పాట పుట్టుటకు వెనుక 1967వ సంవత్సరము మొదలు మూడునాలుగేండ్లు మండిన శ్రీకాకుళ గిరిజన రైతాంగపోరాట మున్నది. ఆ పోరాటపు మార్గముతో నేకీభవించుట, ఏకీభవింపకపోవుట వేఱు ప్రసంగము. పాట చమత్కారమును మాత్రము చూడుడు. తిరునాళ్ళకో సంతకో రమ్మని పడుచువారిని పిలుచు సరసపు పిలుపువలె అది మొదలగును. వినువాడు చిఱునవ్వుతో వెంట నడచును. నడచి నడచి చేరునది సంతను కాదు, సాధుజీవులు సైతము ఆయుధములు పట్టిన కొండలను. పిలుపునకును గమ్యమునకును నడుమనున్న ఈ దూరమే పాటకు ప్రాణము.

1986వ సంవత్సరమున 'అర్ధరాత్రి స్వతంత్రం' చిత్రమున ఆ పాట తన అర్థముతోనే చేరినది. 2009వ సంవత్సరమున 'మగధీర' చిత్రపు వినోదనృత్యములో ఆ పిలుపు మాత్రము వినవచ్చినది, గమ్యము కనబడలేదు. తన యనుమతి లేకయే వాడికొనిరని కవి బహిరంగముగ అభ్యంతరము చెప్పెను. మా విద్యార్థులలో పెక్కుమందికి ఆ పల్లవి నృత్యగీతముగనే తెలియును. 2020వ సంవత్సరము ఆగస్టునెలలో వంగపండు మరణించినపుడు పత్రికలు చదివి, "ఆ డాన్సు పాట ఈయనదా!" యని మా బంధువులే ఆశ్చర్యపడిరి. పాట వెనుక కథ తెలియకుండుట వలన కలుగు హాని యిదియే. పేరు పోవుట యొకటే కాదు, పేరుతోపాటు అర్థము సగము పోవును.

ఇచ్చట నొక ఆక్షేపణ రాగలదు. జనము నోటబడిన పాట జనముదే. గాలికిని ఏటినీటికిని సొంతదారు డుండునా? వంగపండు మాత్రము తన బాణులను మన పల్లెజనుల పాటలనుండి తీసికొనలేదా? ఈ ఆక్షేపణ బలమైనదే, దాని నుపేక్షింపరాదు. నిజమే, ఆయన బాణులు ఊడ్పుచేలలోను కొండపల్లెలలోను పుట్టినవి. కాని ఆయన ఆ జనమునుండి గైకొన్నదానిని వారి బ్రతుకుతో నింపి ఆ జనమునకే తిరిగి యిచ్చెను. ఏటినీరు అందఱిదనుట యొక మాట. ఏటికి అడ్డుకట్ట కట్టి నీరమ్ముకొనుచు, అడిగినవానితో నీరు అందఱిది గదా యనుట మఱియొక మాట. పాట అందఱిది యను వేదాంతము, దానిని అమ్ముకొనువారి నోట వినవచ్చినపుడు మాకు అనుమానము కలుగును.

మన పూర్వులు ఈ చిక్కును ఎఱుగుదురు. కీర్తనతుద త్యాగరాజు తన పేరు నిలిపెను. రామదాసు నిలిపెను. వేమన ప్రతిపద్యమునను తన పేరు పలికించెను. దానికి ముద్ర యని పేరు. కొందఱు దీనిని అహంకారమందురు. మేమట్లనుకొనము. అచ్చుయంత్రము లేని కాలమున, పాట నోటినుండి నోటికి ప్రాకు కాలమున, పాడువాడు కర్తను స్మరింపక పాట ముగింపలేకుండ చేసిన కట్టుబాటది. నేటి పాటకు ముద్ర లేదు. సెల్‌ఫోనులో పాట మ్రోగునపుడు చిత్రము పేరుండును, గాయకుల పేరులుండును. కవి పేరు వెదకినగాని దొరకదు. కథ చెప్పుట యిప్పుడు ముద్ర చేయవలసిన పనిని చేయవలెను. అందుకే పాటకథకునకు బాధ్యత కలదనుచున్నాము.

శాసనమేమి చేయుచున్నదని చదువరు లడుగవచ్చును. మా సబ్బవరముననే దామోదరం సంజీవయ్య పేర జాతీయ న్యాయవిశ్వవిద్యాలయ మున్నది గాన, ఈ ప్రశ్న మా యూరికి దూరము కాదు. 1957వ సంవత్సరపు గ్రంథస్వామ్య శాసనమున 57వ సెక్షను, హక్కులు అమ్మివేసిన తరువాతను కృతి తనదని చెప్పుకొను అధికారమును, దానిని వికృతపఱచువారిని అడ్డుకొను అధికారమును కర్తకు నిలిపియున్నది. 2012వ సంవత్సరపు సవరణ మఱియొక యడుగు వేసినది. సినిమాకు వ్రాసిన పాటపై రావలసిన ప్రతిఫలభాగమును కవియు సంగీతకర్తయు ముందుగనే వదలుకొనునట్లు వ్రాయించుకొనుట చెల్లకుండ చేసినది. కవి మరణించిన తరువాత అఱువదియేండ్లు అతని వారసులకు హక్కుండును. ఆ లెక్కను శంకరంబాడివారి పాటకు 2037వ సంవత్సరము తుదివఱకు రక్షణ కలదు. ఇవన్నియు మేలే. కాని శాసనము సొమ్మును వసూలు చేయగలదు, జ్ఞాపకమును వసూలు చేయలేదు. అది ఇండ్లలోను బడులలోను జరుగవలసిన పని.

కావున పాటకథను చెప్పువారును వినువారును మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా మనవి. ఈ కథ మమ్ము తిరిగి పాటలోనికి పంపినదా, లేక పాటను విడిచి నటీనటుల యింటిముంగిటికి పంపినదా? ఈ కథలో పనిచేసినవారందఱును ఉన్నారా, లేక వెలుగులోనున్న వారొక్కరే యున్నారా? పాట సంపాదించినదానిలో దానిని కన్నవారికి ముట్టిన దెంతయని యీ కథ చెప్పగలుగుచున్నదా? మొదటి ప్రశ్న రసమునకు, రెండవది సత్యమునకు, మూడవది ధర్మమునకు సంబంధించినవి. కలలో తోచిన రాగము, అట్టపెట్టెపై వ్రాసిన పల్లవి, తెల్లదొర కలవరపాటు ఇవియన్నియు నుండవచ్చును. అవి విస్తరిలో ఊరగాయవంటివి. ఊరగాయతోనే భోజనము ముగించువానిని చూచి జాలిపడుటకంటె చేయగలిగిన దేమి?

మా పాఠశాలలో ఇపుడొక చిన్న నియమము పెట్టితిమి. ప్రార్థనలో ఏ పాట పాడినను, పాడుటకు ముందు ఒక విద్యార్థి ముందునకు వచ్చి, దానిని వ్రాసినవారి పేరు, ఊరు, వ్రాసిన కాలము, సందర్భము నాలుగు వాక్యములలో చెప్పవలెను. ఒక నిమిషమైనను పట్టదు. మొదటివారము పిల్లలు సిగ్గుపడిరి, రెండవవారము పోటీపడిరి. పుస్తకములోనే పాట పుట్టినదనిన బాలుడే శంకరంబాడివారి కథను చెప్పెను. రైల్వేకూలి యను మాట వచ్చినపుడు వాని గొంతు కొంచెము మాఱినది. వాని తండ్రి అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో బరువులు మోయువాడు.

ఆ సాయంకాలము ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మా కడకు వచ్చి, "మా అమ్మ ఊడుపుల్లో పాట పాడుతుంది మాస్టారూ. దానికి ముందు ఎవరి పేరు చెప్పాలి?" అని యడిగెను. ఇన్ని గ్రంథములు చదివిన మాకు ఆ ప్రశ్న తోచలేదు. చేలలోను తిరుగళ్ళకడను ఉయ్యాలలకడను స్త్రీలు కట్టిన వేలకొలది పాటలకు ముద్ర లేదు, రికార్డు లేదు, వ్యాజ్యమాడు వారసులు లేరు. ఆంధ్రదేశమున అందఱికంటె పెద్ద ఋణదాతలు వారే. కొంతసేపాలోచించి, "మీ అమ్మ ఎవరి దగ్గర నేర్చుకుందో అడిగి, ఆమె పేరు చెప్పమ్మా" అంటిమి.

మఱునాటి యుదయమున ఆ బాలిక ముందునకు వచ్చి నిలిచి, ఏ పుస్తకమునందును లేని యొక ముదుసలి పేరును, ఆమె పుట్టిన పల్లె పేరును స్పష్టముగ చెప్పి, పాట యెత్తుకొనినది.